నిలువు ఊరిది, అడ్డం సర్కారుది

బాబాయి నోరు తెరిస్తే నా కొట్లో టీ అమ్ముడుపోతుంది. అందుకని ఆయన్ని నేనెప్పుడూ ఆపను. బాబాయి అంటే నాకు వరసైనవాడేం కాదు, ఊరందరికీ బాబాయే. బడి కట్టించే కమిటీకి ప్రెసిడెంటు అయ్యాక కమిటీ బాబాయి అయ్యాడు. మాటలు కోటలు దాటతాయి గానీ కాళ్లు మాత్రం నా కొట్టు బెంచీ దాటవు.

ఆ రోజు మూడు గంటలకి టీచరమ్మ వచ్చింది. రోడ్డవతల, మా కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉన్న బడికి ఆవిడే పెద్ద. వచ్చి ఆరు నెలలైంది. చేతిలో ఒక కాగితం.

"బాబాయిగారూ, దీని మీద మీ సంతకం కావాలి. నాలుగింటి బస్సులో నేనే జిల్లా ఆఫీసుకి పట్టుకెళ్లి ఇస్తాను. ఈ రోజే ఆఖరు. సాయంత్రం ఐదులోపు అందకపోతే ఈ ఏడు కూడా మన బడికి కప్పు రాదు" అంది.

కప్పు సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు, తల తిప్పితే కనబడుతుంది. నాలుగు గోడలు, పైన ఆకాశం. మూడో తరగతి అందులోనే నడుస్తోంది. వారం తిరక్కుండా వానలు మొదలవుతాయి. నిన్ననే నాలుగు చినుకులు పడ్డాయి కూడా.

బాబాయి కళ్లజోడు పెట్టుకుని కాగితం అందుకున్నాడు. రెండు లైన్లు చదివాడో లేదో, దాన్ని బోర్లా తిప్పి బెంచీ మీద పెట్టి, ఎగిరిపోకుండా అన్నట్టు దాని మీద టీ గ్లాసు పెట్టాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు నాకు బాగా తెలుసు. ఇంకో గిన్నెడు పాలు పొయ్యి మీద పెట్టాను.

"సంతకానికేముంది టీచరమ్మా, గీకితే అయిపోయె. ముందు కూర్చోండి. మీరు మొన్నొచ్చారు, ఈ బడి కోసం నేను పడ్డ పాట్లు మీకేం తెలుసు? అడగండి, ఈ మేస్త్రిని అడగండి, ఆ గోడలు కట్టింది వీడే. ఒరే టైలరూ, నువ్వూ మిషను ఆపి ఇటు రా, ఎన్నిసార్లు విన్నా కొత్తగానే ఉంటుంది. అసలు సంగతేంటంటే, బడి కట్టాలంటే సగం సర్కారుది, సగం ఊరిది అని చట్టం వచ్చిందా? వచ్చింది. ఏ సగం ఎవరిదో తేల్చడానికి రాజధానిలో పెద్దపెద్దవాళ్లు మూడేళ్లు కూర్చున్నారు. కూర్చుని కూర్చుని ఏం తేల్చారయ్యా అంటే, బడిలో నిలువుగా ఉండేదంతా ఊరు కట్టుకోవాలి, అడ్డంగా ఉండేదంతా సర్కారు వేస్తుంది. అంటే గోడలు మనవి, నేలా కప్పూ వాళ్లవి."

"మరి తలుపు?" అన్నాడు టైలరు, మెడలో టేపుతోనే వచ్చి కూర్చుంటూ.

"తలుపు నిలువే కదరా, మనదే."

"మెట్లు?"

"అదిగో, అక్కడే మెలిక! మెట్టుకి కాలు పెట్టే చోటు అడ్డం, బొటనవేలు తగిలే చోటు నిలువు. సర్కారు ఇంజనీరొకడు, మునిసిపాలిటీ ఇంజనీరొకడు వచ్చి ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో పూట కొట్టుకున్నారు."

"నా వాటా నేను కట్టేశా" అన్నాడు మేస్త్రి. "నిలువు పలకలు అయిదూ నిలబెట్టి వదిలేశా. మధ్యలో వాళ్లు పూడ్చాలి. పిల్లలు వాటి మీంచి దూకుతూ లోపలికి పోతున్నారు."

"దూకనీ, ఒంటికి మంచిది. సరే, గోడలు లేచాయి. ఇప్పుడు కప్పు కావాలి. రాజధాని నుంచి ఫారం వచ్చింది. ఇరవై గడులు. మునిసిపాలిటీ గుమాస్తాకి మూడో గడి దగ్గరే జ్వరం వచ్చింది. ఇంజనీరు ఏడో గడి చూసి సెలవు పెట్టాడు. ఇక లాభం లేదని నా దగ్గరికి తెచ్చారు. ఇదే బెంచీ మీద, ఇదే చోట కూర్చుని, ఒక్క కొట్టివేత లేకుండా, టీ చల్లారే లోపల ఇరవై గడులూ నింపి పారేశాను. అబద్ధమా అమ్మాయీ?"

నేను తల ఊపాను. అంతవరకూ నిజమే. ఆ రోజు రెండు టీలు తాగాడు.

"అందులో పదకొండో గడి ఉంది చూశారూ, ఆ గడిలో నేను రాసిన జవాబు చదివి రాజధానిలో వాళ్లు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారట!"

టీచరమ్మ చటుక్కున తలెత్తింది. "పదకొండో గడిలో ఏం రాశారు బాబాయిగారూ?"

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. తొందరపడితే కథ పాడైపోతుంది. ఫారం పంపితే సరిపోతుందా? పనులు కావాలంటే మనిషి వెళ్లాలి. వెళ్లాను. ఖాళీ చేతుల్తో వెళ్తే నమ్మరని, మన గోడలోంచి ఒక ఇటుక పీకి సంచీలో వేసుకున్నా."

"ఏ గోడలోంచి?" అన్నాడు మేస్త్రి, అనుమానంగా.

"నీకు తెలీని గోడ లే. విను. ఆ సర్కారు ఆఫీసు ఎంత ఉంటుందనుకున్నారు? అయిదంతస్తులు. గేటు దగ్గర వాచ్‌మన్ నా సంచీ తడిమి, ఇటుకా? ఇటుక నిలువు పనికొచ్చే సరుకు, నిలువు ఊరి బాధ్యత, ఇది సర్కారు ఆఫీసు, లోపలికి రానివ్వం అన్నాడు. వాడి ముఖం కేసి ఒకసారి చూసి, సంచీలో ఇటుకని ఇలా పడుకోబెట్టాను. ఇప్పుడేమైంది నాయనా, నిలువా అడ్డమా అన్నాను. వాడు అడ్డం అన్నాడు. అడ్డం ఎవరిది? సర్కారుది సార్ అని సెల్యూట్ కొట్టి గేటు తీశాడు."

టైలరు తొడ మీద చరుచుకున్నాడు. టీచరమ్మ గోడ గడియారం చూసింది. మూడూ ఇరవై.

"బాబాయిగారూ, సంతకం..."

"పెడతానంటున్నా కదమ్మా! లోపలికి వెళ్తే మొదటి బల్ల దగ్గర ఒకాయన, ఇది లోకల్ వ్యవహారం, పక్క బల్లకి పొండి అన్నాడు. పక్క బల్లాయన, లోకల్ వాళ్ల పక్క బల్ల అన్నాడు. ఆ పక్క బల్లాయన భోజనానికి వెళ్లాడు. అలా నూటపద్దెనిమిది బల్లలు. ఒక్కొక్కడూ ఊరికే పంపడు కదా, ఫైల్లో ఒక్కో కాగితం కలిపి పంపుతాడు. తిలాపాపం తలా పిడికెడు! పొద్దున సంచీలో పట్టిన ఫైలు మధ్యాహ్నానికి నా నడుం దాకా వచ్చింది. మర్నాటికి దాన్ని మొయ్యడానికి నలుగురు జవాన్లు. మూడోనాటికి తోపుడుబండి. అయిదో అంతస్తుకి చేర్చేసరికి ఎంత పెరిగిందంటే, ఈ గుమ్మంలో నిలబడ్డవాడికి ఆ గుమ్మంలో నిలబడ్డవాడు కనబడలా. మధ్యలో మన బడి ఫైలే! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు మేస్త్రి, టీ పట్టుకుని.

"బరువుకి ఆఫీసు వంగింది. ఇలా, కాస్త ఎడమకి. గోడలు బీటలిచ్చాయి, కప్పు పెళపెళా విరిగింది. మూడొందల మంది ఉద్యోగులు, కేకలు పెట్టి బల్లల కింద దూరారు. నేను దూరతానా? లేచి, ఎడమ చేత్తో ఆ కప్పుని ఇలా పట్టుకున్నా."

"కుడి చెయ్యి ఏం చేస్తోంది బాబాయ్?" అన్నాడు టైలరు.

"కుడి చేతిలో టీ ఉందిరా. ఒలికిపోదూ?"

నేనే నవ్వేశాను. అబద్ధమైతే ఏం, ముచ్చటగా చెప్తాడు.

"అదిగో, అప్పుడు చూడాలి తమాషా. నేను కప్పు మోస్తున్నానా, బల్ల కింద ఇద్దరు ఆఫీసర్లు పోట్లాడుకుంటున్నారు. ఒకడేమో, కప్పు అడ్డంగా ఉంది, కాబట్టి పట్టుకోవాల్సిన బాధ్యత సర్కారుది అంటాడు. రెండోవాడేమో, అడ్డంగా ఉన్నా పడేటప్పుడు నిలువుగా పడుతుంది, కాబట్టి పడిపోయే కప్పు ఊరి బాధ్యత అంటాడు. ఇద్దరూ పుస్తకాలు తిరగేస్తున్నారు. ఇంతలో మంత్రిగారు పరిగెత్తుకొచ్చారు. ఎవరయ్యా నువ్వు, ఏమిటయ్యా ఇది అన్నారు. నేనన్నాను, అయ్యా, కప్పు మీది, చెయ్యి మా ఊరిది. సగం సగం అంటే ఇదే కదా! ఆయన కళ్లంట నీళ్లు. మూడేళ్లు కూర్చుని మావాళ్లు తేల్చలేని ముక్క నిలబడి తేల్చావయ్యా అని అక్కడికక్కడే మన కప్పు మంజూరు చేస్తూ సంతకం పెట్టారు. కాగితం పెట్టుకోవడానికి బల్లలన్నీ మనుషుల మీద ఉన్నాయిగా, నా వీపు మీద పెట్టుకునే రాశారు. ఇప్పటికీ మీ పిన్ని వీపు రుద్దేటప్పుడు, ఇక్కడేదో రాసుందండీ అంటుంది."

"చొక్కా తియ్యి బాబాయ్, మేమూ చదువుతాం" అన్నాడు టైలరు.

"ప్రభుత్వ రహస్యం రా, అందరికీ చూపించకూడదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంజూరు అయితే అయింది గానీ, ఈ ఏడాదికి కొత్త కప్పులు అయిపోయాయన్నారు. మరి నాకెలా అన్నా. చేతిలో ఉన్నది పట్టుకుపో అన్నారు. అంతే! ఆ ఆఫీసు కప్పుని చుట్టూ ఒకసారి కదిపి, మూత తీసినట్టు తీసి నెత్తి మీద పెట్టుకున్నా."

"అయ్యో, మరి వాళ్లో?" అన్నాను నేను.

"వాళ్లకేం అమ్మాయీ, మంచే జరిగింది. పైన కప్పు పోయి గాలి తగిలేసరికి, పదేళ్లుగా కదలని ఫైళ్లు అప్పుడు కదిలాయి! సరే, బస్టాండుకొచ్చాను. కండక్టరు కప్పుకి లగేజీ టికెట్ కొట్టాలన్నాడు. బస్సు కప్పు మీద నా కప్పు పెడితే అది లగేజీ ఎలా అవుతుందయ్యా, కప్పుకి కప్పు చుట్టం కదా అన్నా. వాడు వినలా. నీ బస్సూ వద్దు నువ్వూ వద్దని నడక మొదలెట్టా. మూడు మైళ్లు వచ్చానో లేదో, వాన! వానంటే అలాంటిలాంటి వాన కాదు, చేపలు రోడ్డెక్కాయి. జనం పరిగెత్తుకొచ్చి నా కప్పు కింద చేరారు. ఒక ఊరా, రెండు ఊళ్లా? పదమూడు ఊళ్ల జనం నాతోపాటే నడిచారు. ఒక సంత మొత్తం కదిలి వచ్చేసింది, దుకాణాలతో సహా. ఒక పెళ్లి జరిగిపోయింది. ఒకావిడ కాన్పు కూడా అయింది. బారసాలకి నేను లేకపోతే ఒప్పుకోమన్నారు, కానీ బడికి ఆలస్యమవుతుందని వచ్చేశా."

"ఆ నడకలో కాళ్లు నొప్పులు పుట్టలా?" అన్నాడు మేస్త్రి.

"కాళ్లు కాదురా, మెడ. అందుకే చూడు, ఇప్పటికీ ఎవరైనా చెప్పింది వినడానికి మెడ ఇటు తిరగదు. ఊరికొచ్చి చూస్తే కప్పు పెద్దది, గోడలు చిన్నవి. అటు రెండు బారలు, ఇటు రెండు బారలు ఎక్కువ. మేస్త్రీ, నువ్వు ఆ రోజు ఊళ్లో లేవు."

"ఏ రోజు?"

"నువ్వు లేని రోజు! ఏం చేశాననుకున్నారు? కప్పు పక్కన దించి, సొరుగు లాగినట్టు నాలుగు గోడల్నీ తలా కాస్తా బయటికి లాగాను. తర్వాత కప్పెత్తి, సద్దు కాకుండా, నిద్రపోయే పసిదాని మీద దుప్పటి కప్పినట్టు, ఇలా..."

రెండు చేతులూ మెల్లగా కిందికి దించి చూపించాడు. ఒక్క క్షణం మేమందరం ఆ చేతుల కిందకి నిజంగా ఒక బడి వచ్చినట్టే చూశాం.

టైలరు ముందు తేరుకున్నాడు. "అంతా బాగుంది బాబాయ్. ఎదురుగా గోడలు కనబడుతున్నాయి. మరి ఆ కప్పేదీ?"

అందరం రోడ్డవతలకి చూశాం. గోడల పైన ఒక కాకి వాలి, లోపలికి తొంగి చూస్తోంది. లోపల పిల్లలు ఎక్కం చెబుతున్నారు. గాలికి ఆ గొంతులు నేరుగా ఆకాశంలోకి పోతున్నాయి. గడియారంలో మూడూ నలభై అయిదు.

బాబాయి ఖాళీ గ్లాసు ఎత్తి ఒక గుటక వేశాడు. మళ్లీ ఆ కాగితం మీదే పెట్టాడు.

"ఎక్కడుంటుందిరా? దానం చేశాను! పక్క ఊరివాళ్లు వచ్చి కాళ్ల మీద పడ్డారు. మా పిల్లలు ఎండకి ఎండి వానకి తడుస్తున్నారు, మీరే దిక్కన్నారు. నాది అసలే మెత్తటి మనసు. మాకేం, ఇంకోటి తెచ్చుకోగలం, పట్టుకుపొండి అన్నా. నమ్మకపోతే పోయి చూసుకోండి, ఇవాళ పక్క ఊరి బడి మీద ఉన్నది నేనిచ్చిన కప్పే!"

మేస్త్రి నవ్వి నవ్వి టీ పొలమారి దగ్గాడు. టైలరు టేపుతో కళ్లు తుడుచుకున్నాడు. నేను పొయ్యి దగ్గర వంగిపోయాను. నవ్వనిది టీచరమ్మ ఒక్కతే.

"ఇప్పటిదాకా చెప్పినవాటిలో అదొక్కటీ నిజమేనండీ" అంది.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. బాబాయి కూడా బిత్తరపోయాడు. తన మాటని ఎవరైనా నిజమనడం ఆయనకి అలవాటు లేదు.

టీచరమ్మ సంచీలోంచి ఇంకో కాగితం తీసింది. "ఇది నిన్న రాజధాని నుంచి వచ్చింది. కప్పు ఎందుకు రాలేదో ఆరు నెలలుగా అడుగుతుంటే ఇప్పటికి జవాబిచ్చారు. చదువుతాను వినండి. పదకొండో గడి: కప్పు పరిస్థితి ఏమిటి? మీ కమిటీ ప్రెసిడెంటు గారి జవాబు: కప్పు మేమే వేసుకున్నాం. దాని మీద లారీ నడిపినా చెక్కు చెదరదు. సర్కారు కోసం చేతులు చాచే ఊరు కాదు మాది." ఆవిడ ఒకసారి ఊపిరి పీల్చుకుంది. "కింద వాళ్లు రాశారు. మీ ఊరి స్వయంకృషికి అభినందనలు. మీ బడికి కేటాయించిన కప్పు మీకు అవసరం లేదు కాబట్టి, దానిని పక్క ఊరి బడికి ఇవ్వడమైనది."

పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయని చాలాసేపటికి చూసుకున్నాను.

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. "ఏడాదిన్నర బాబాయ్" అన్నాడు. "ఏడాదిన్నర నుంచీ నేను సర్కారుని తిడుతున్నా."

"నేను మునిసిపాలిటీని" అన్నాడు టైలరు.

నాకు కోపం వచ్చింది. ఆ ఫారం రాసేటప్పుడు రెండు టీలు పోసింది నేనే కదా అని సిగ్గు కూడా వేసింది. అప్పుడు టీచరమ్మ గ్లాసు పక్కకి జరిపి, బోర్లా ఉన్న కాగితాన్ని తిప్పింది. మధ్యలో గుండ్రంగా టీ మరక. పైన, బాబాయి మాటగా, రెండే లైన్లు: పదకొండో గడిలో నేను రాసింది అబద్ధం. మా బడికి కప్పు లేదు.

"దీని మీద మీ సంతకం ఉంటే రెండో జాబితాలో పెడతామన్నారు. ఇవాళే ఆఖరు."

బాబాయి మెడ తిప్పకుండానే అన్నాడు. "అబద్ధం అనే మాట తీసేసి, పొరపాటు అని పెట్టకూడదా అమ్మా? ప్రెసిడెంటుని. ఊరి పరువు కోసం రాసిన ముక్క అది. మాకు లేదు అని చేత్తో ఎలా రాస్తారు చెప్పండి? మా నాన్న కూడా ఎప్పుడూ ఎవరి దగ్గరా లేదు అనలేదు."

"వాళ్లు అడిగిన మాట ఇదేనండీ."

"పోనీ, ఇంకా లేదు అని..."

"బాబాయిగారూ" అంది టీచరమ్మ. గొంతు పెంచలేదు. "నిన్న చినుకులు పడ్డప్పుడు మూడో తరగతి మొత్తం పాత గది వసారాలోకి పరిగెత్తింది. మీ మనవరాలు ఒక్కతే కదల్లేదు. రావే అంటే, మా తాతయ్య కప్పు వేశాడు, నేను తడవను అంది. పిల్లలు నవ్వారు. ఏడుస్తూనే కూర్చుంది గానీ లేవలేదు. పుస్తకం ముద్దయిపోయింది. చివరికి నేనెళ్లి ఎత్తుకొచ్చాను."

బాబాయి రోడ్డవతలకి చూశాడు. ఎవరి మాటకీ తిరగదన్న మెడ తిరిగింది. సందు చివర బస్సు హారన్ వినిపించింది.

"ఇంటికొచ్చి ఒక్క ముక్క చెప్పలేదే" అన్నాడు, ఎవరితోనో తెలీదు. తర్వాత చెయ్యి చాచాడు. "పెన్ను."

సంతకం పెట్టాడు. ఎప్పుడూ పెట్టే పెద్ద సంతకం కాదు, కింద గీతలూ చుక్కలూ లేవు. బస్సు వచ్చి కొట్టు ముందు ఆగింది. కండక్టరు దిగి, ఎక్కండెక్కండి అని తలుపు కొడుతున్నాడు. టీచరమ్మ కాగితం అందుకోబోతే బాబాయి వదల్లేదు. సంతకం కింద ఇంకో ముక్క గబగబా గీకి, అప్పుడిచ్చాడు.

ఆవిడ ముఖం పాలిపోయింది. "మళ్లీ ఏం రాశారండీ?"

మేస్త్రి ఆవిడ భుజం మీంచి తొంగి చూసి, పైకే చదివాడు. "గోడలు మాత్రం గట్టివి."

బాబాయి తల దించుకుని ఖాళీ గ్లాసు కేసి చూస్తున్నాడు. టీచరమ్మ కొట్టేద్దామని పెన్ను తీసింది. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది ఉండనివ్వండి టీచరమ్మా. అది నిజమే."